పద్మనాభం కొండ కింద

బేర్ సరాయ్‌లో జిరాక్స్ షాపులు రాత్రి బాగా పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. పాత జేఎన్‌యూ క్యాంపస్‌కు ఆనుకుని ఉన్న ఆ ఇరుకు సందుల్లో, సివిల్స్‌కు చదివే మన పిల్లల తెలుగు ఎప్పుడూ చెవిన పడుతుంది. ఒక రాత్రి స్పైరల్ బైండింగ్ కోసం నిలబడి ఉన్నాను. శ్రీకాకుళం యాసలో ఒక కుర్రాడు పక్కవాడికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పజెబుతున్నాడు. 1765 స్టాంపు చట్టం. 1773 బోస్టన్ రేవు. 1781 యార్క్‌టౌన్. 1783 పారిస్ ఒప్పందం. ఒక్క తేదీ తప్పలేదు.

"మరి యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్ తర్వాత ఏటయ్యాడ్రా?" అన్నాడు రెండోవాడు.

"మన మీదకే గవర్నర్ జనరల్‌గా వచ్చాడు కదేటి" అని పేజీ తిప్పేశాడు.

ఆ తిప్పేసిన చోటే మా విజయనగరం కథ ఉంది. ఆ పిల్లల తప్పేమీ లేదు, వాళ్ళ నోట్సులో అది లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికా వలసవాసుల మీద స్టాంపు పన్ను వేసిన 1765లోనే మన తీరం చేతులు మారింది. ఢిల్లీ పాదుషా అని పేరే గాని ఢిల్లీలో అడుగుపెట్టలేక అలహాబాదులో ఉంటున్న షా ఆలం, ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. చికాకోలు నుంచి కొండపల్లి దాకా నేల దున్నే రైతుకు గాని, కోటలో ఉన్న రాజుకు గాని ఆ ఫర్మానా సంగతి ముందు తెలియదు. బోస్టన్‌లో 1773 డిసెంబరు రాత్రి నీళ్ళపాలైన 342 టీ పెట్టెలు కూడా ఈ కంపెనీవే. అక్కడ దాని సరుకును సముద్రంలో కలిపారు. ఇక్కడ అది పేష్కష్ (కప్పం) లెక్కలు రాసుకుంటోంది.

ఆ లెక్కల కింద నలిగినవాడు విజయనగరం రాజు పూసపాటి చిన విజయరామరాజు. ఆయన దుఃఖం ఆయనతో మొదలవలేదు. 1757 జనవరిలో, అప్పుడు విజయనగరం ఏలుతున్న పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని తోడు తెచ్చుకుని బొబ్బిలి కోటను నేలమట్టం చేశాడు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి ఆ రాజును పొడిచి చంపాడు. వెనుక వచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. వాళ్ళను వెళ్ళగొట్టడానికి బెంగాలు నుంచి ఇంగ్లీషువాళ్ళను పిలిపించాడు. కర్నల్ ఫోర్డ్ వచ్చాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచాడు, మరుసటి ఏడు మచిలీపట్నం పట్టుకున్నాడు. పిలిచింది మనమే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి బరువెక్కుతుంది. కొద్ది కాలానికే ఆనంద గజపతి పోయాడు, సంస్థానం ఒక పిల్లవాడి చేతికి వచ్చింది. ఆ పిల్లవాడే చిన విజయరామరాజు.

1778లో పారిస్‌లో ఒక సంతకం జరిగింది. ఫ్రాన్సు అమెరికా తిరుగుబాటుదారులకు తోడుగా నిలుస్తానని ఒప్పుకుంది. అదే 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డ్, ఉత్తర సర్కారుల జమీందారులంతా దేశమంత దూరం నడిచి మద్రాసుకు వచ్చి తన ముందు నిలబడాలని హుకుం జారీ చేశాడు. అక్కడివాళ్ళకు తోడు దొరికిన ఏడు, ఇక్కడివాళ్ళు ఎవరికి వారు ఒంటరిగా కచేరీ మెట్లెక్కిన ఏడు.

యార్క్‌టౌన్‌ను వాషింగ్టన్ ఒక్కడే గెలవలేదు. చెసపీక్ అఖాతం నోటిదగ్గర ఫ్రెంచి నౌకాదళం అడ్డుపడబట్టే ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్‌కు సముద్రం మూసుకుపోయింది. 1781 అక్టోబరు 19న లొంగిపోతూ, ఒంట్లో బాగాలేదని కత్తి ఇవ్వడానికి ఇంకొకరిని పంపాడు. పదమూడు వలసలు తమలో తాము ఎన్ని తగవులు పడ్డా చివరిదాకా ఒక్క జెండా కింద ఉన్నాయి. ఆ గెలుపు అక్కడి ఆదివాసులకు, బానిసలకు గెలుపు కాలేదు, అదీ మరవకూడదు. కానీ గెలుపు ఎలా వచ్చిందో చూస్తే మన ఓటమి ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఫ్రెంచివాళ్ళను తరిమింది మన ఇల్లే. బొబ్బిలిని బూడిద చేసింది మన ఇల్లే. కొండ జమీందారులను అణిచి కప్పం కట్టించుకున్నదీ మన దివాణమే. కష్టకాలం వచ్చేసరికి పొరుగున మిగిలిన చెయ్యి ఒక్కటీ లేదు.

1786లో కార్న్‌వాలిస్ కలకత్తాలో దిగాడు. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తాను ఇద్దరు కొడుకులను తాకట్టుగా పట్టుకున్నాడు. మరుసటి ఏడు బెంగాలుకు శాశ్వత శిస్తు ఏర్పాటు చేసి స్వదేశానికి ఓడ ఎక్కాడు. ఆయన దిట్టం చేసి వెళ్ళిన కంపెనీ, విజయనగరం బాకీ ఎనిమిదిన్నర లక్షలని తేల్చి సంస్థానాన్ని జప్తు చేసింది. నెలకు 1200 రూపాయలు ఇస్తాం, మచిలీపట్నం వెళ్ళి ఉండు అంది. వేయికి పైగా ఊళ్ళ రాజుకు అది జీతం కాదు, ఖైదు.

విజయరామరాజు మచిలీపట్నం దారి పట్టలేదు. తన వాళ్ళతో పద్మనాభం చేరాడు. విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ, గోస్తనీ నది దగ్గర ఆ కొండ. పైన అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. లొంగిపోతే బతుకుతానని ఆయనకు తెలుసు. మాట నిలబడేది లేదనీ తెలుసు.

1794 జూలై 10, తెల్లవారింది. కర్నల్ ప్రెండర్గాస్ట్ సిపాయిలు వచ్చి పడ్డారు. గంట కూడా పట్టలేదు. సిపాయిల తుపాకులు వరస తప్పకుండా పేలుతుంటే, రాచవారు కత్తులతో ఎదురు వెళ్ళారు. వెనక్కి తిరగడానికి దారి ఉన్నా చాలామంది తిరగలేదు. పొగ విడిచాక చూస్తే రాజు పడి ఉన్నాడు, ఆయన చుట్టూ ఆయన బంధువులు, సర్దారులు పడి ఉన్నారు. ఏ ఓడలూ రాలేదు. ఏ ఒప్పందమూ రాలేదు.

కొడుకు నారాయణబాబును కొండ జమీందారుల రక్షణలోకి తప్పించారు. అణిచినవాళ్ళే ఆదరించారు. వాళ్ళ అండ చూసి కంపెనీ వెనక్కి తగ్గి, కొంత కోసుకుని మిగతా సంస్థానం ఆ పిల్లవాడికి ఇచ్చింది, ఏటా ఆరు లక్షల పేష్కష్‌కు. కోసిన దానిలోంచే ఆ ఏడే బొబ్బిలిని చిన రంగారావుకు తిరిగి ఇచ్చింది. 1802లో కార్న్‌వాలిస్ శాశ్వత శిస్తు పద్ధతి సర్కారులకూ వచ్చింది. ఆయన మళ్ళీ ఇండియాకు వచ్చి 1805లో గంగ ఒడ్డున ఘాజీపూర్‌లో చనిపోయాడు. అక్కడ ఆయనకు పెద్ద స్మారకం ఉంది. నారాయణబాబు అదే గంగకు ఎగువన, కాశీలో, 1845లో కన్నుమూశాడు.

బేర్ సరాయ్ గదుల్లో రాత్రుళ్ళు కూర్చుని చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ నోట్సులో 1783 తర్వాత మార్జిన్‌లో కొంచెం చోటుంటుంది. అక్కడ 1794 జూలై 10, పద్మనాభం అని రాసుకోండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి ఆ కొండ దాకా వెళ్ళి రండి.