జ్వరం తగ్గాక కాళ్లు పట్టు తప్పితే

శ్వాసకోశ వైరస్ సోకినవారిలో అత్యధికులు కొద్ది రోజుల్లోనే కోలుకుంటారు. బహు కొద్దిమందిలో మాత్రం దగ్గు, జ్వరం తగ్గిన ఒకటి రెండు వారాలకు నాడులు దెబ్బతింటాయి. గిలాన్-బారే సిండ్రోమ్ అటువంటిదే. వైరస్‌పై పోరాడవలసిన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత నాడులపైనే దాడి చేయడం దీనికి కారణం. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి ఇది వస్తుంది.

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో ఉద్ధృతి భిలాయి ఉన్న దుర్గ్ జిల్లాను కుదిపివేసింది. అక్కడి ఉక్కు కర్మాగారం ఆసుపత్రులకు ప్రాణవాయువు పంపింది. చాలా ఇళ్లకు పల్స్ ఆక్సీమీటర్ చేరింది. ఆ పరికరంపై ఏర్పడిన నమ్మకమే ఈ వ్యాధి విషయంలో ప్రమాదకరం. ఇక్కడ ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని కదిలించే కండరాలు నీరసిస్తాయి. అందువల్ల ఆక్సీమీటర్‌లో అంకె చాలాసేపు మామూలుగానే కనిపించి, పరిస్థితి విషమించాకే పడిపోతుంది. ఒక్క గుక్కలో ఇరవై వరకు లెక్కపెట్టలేకపోవడం, దగ్గు బలహీనపడడం, మింగలేకపోవడం అంతకు ముందే హెచ్చరిస్తాయి.

షిఫ్టుల్లో పనిచేసే ఉక్కు కార్మికులు, అక్కడ స్థిరపడిన తెలుగువారు సహా, కాళ్ల నీరసాన్ని జ్వరం తాలూకు బడలికగా భావించడం సహజమే. కానీ బడలిక విశ్రాంతితో తగ్గుతుంది. ఈ బలహీనత రోజురోజుకూ పాదాల నుంచి పైకి పాకుతుంది. సాధారణంగా రెండు కాళ్లూ ఒకేసారి పట్టు తప్పుతాయి, తిమ్మిరి తోడవుతుంది, మోకాలి కింద సుత్తితో తట్టినా కాలు ఎగిరిపడదు.

1916లో ఫ్రెంచి వైద్యులు గిలాన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికుల్లో ఈ వ్యాధిని వర్ణించారు. వెన్ను ద్రవంలో కణాలు పెరగకుండా ప్రొటీన్ మాత్రమే పెరగడం వారు గుర్తించిన ఆనవాలు. నేటికీ అది నిర్ధారణకు తోడ్పడుతోంది. 2020లో ఉత్తర ఇటలీ వైద్యులు కోవిడ్ లక్షణాలు మొదలైన 5 నుంచి 10 రోజులకు దీని బారిన పడిన ఐదుగురి వివరాలు ప్రచురించారు. బ్రిటన్ పరిశోధకులకు మాత్రం ఆ రెంటి మధ్య స్పష్టమైన సంబంధం కనిపించలేదు. ఈ భేదాభిప్రాయం చికిత్సను మార్చదు.

ఇమ్యునోగ్లోబులిన్‌ను సాధారణంగా ఐదు రోజులు నరంలోకి ఎక్కిస్తారు, లేదా ప్లాస్మా మార్పిడి చేస్తారు. బలహీనత మొదలైన రెండు వారాల్లోపు ఆరంభిస్తే ప్రయోజనం ఎక్కువ. స్టెరాయిడ్ల వల్ల మేలు లేదని పరీక్షల్లో తేలింది. రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందికి వెంటిలేటర్ అవసరపడుతుంది. అందుచేత నడక తడబడిన రోజే ఐసీయూ, నాడీ వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి చేరడం మంచిది. ఎక్కువమంది కోలుకుంటారు, అయితే కొందరికి తిరిగి నడవడానికి నెలలు పడుతుంది.