కళాశాలలో వక్తృత్వ విద్య

సభలో నిలిచి మాటలాడుట జన్మతో రావలసినదే గాని బడిలో నేర్వదగినది కాదని మనలో పలువురు తలంతురు. చరిత్ర ఈ తలంపును బలపరచదు. క్రీ.పూ. 4వ శతాబ్దమున ఏథెన్సు నగరమున వక్తృత్వము బోధించిన గురువులలో అగ్రగణ్యుడు ఐసొక్రటీసు. ఆయనకు గొంతు లేదు. సభ నెదుర్కొను ధైర్యమును లేదు. ఈ లోపములను ఆయనయే తన రచనలలో చెప్పుకొనెను. అయినను గ్రీకు దేశపు నలుమూలల నుండి శిష్యులాయన కడకు వచ్చి, నేర్చుకొని, వక్తలై వెళ్ళిరి. గురువునకు లేనిది శిష్యునకు అబ్బినదన్నచో అది విద్యయే గాని వరము కాదు.

రోమకులు ఈ విద్యకు పద్ధతి యేర్పరచిరి. చెప్పవలసిన విషయమును కనుగొనుట, దానిని క్రమములో నుంచుట, తగిన మాటలు కూర్చుట, జ్ఞప్తియందుంచుకొనుట, కంఠముతోను శరీరముతోను ప్రకటించుట అని అయిదు అంగములుగా దీనిని విభజించిరి. వెస్పేసియను చక్రవర్తి కాలమున ప్రభుత్వ ఖజానా నుండి జీతము పొంది బోధించిన క్వింటిలియను ఈ విద్యపై పన్నెండు భాగముల గ్రంథము రచించెను. అందు శిశువు దాది యొద్ద వినెడి తొలి పలుకుల నుండి వృద్ధ వక్త విశ్రాంతి వరకు వదలిన విషయము లేదు.

అమెరికాలో హార్వర్డు కళాశాలయందు వక్తృత్వమునకు ప్రత్యేకముగా నెలకొల్పిన బాయిల్‌స్టన్ ఆచార్య పీఠమును మొదట అధిష్ఠించినవాడు జాన్ క్విన్సీ ఆడమ్స్. 1806లో ఆయన ఉపన్యాసము లారంభించెను. 1810లో అవి గ్రంథముగా వెలువడెను. ఈయనయే 1825లో ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఆయన బోధించినది రోమకుల అయిదంగముల విద్యయే. కాని ఆ శతాబ్దము నడచిన కొలది కళాశాలలు ఆ అంగములను పంచివేసినవి. విషయము, క్రమము, శైలి కాగితముపై వ్రాయు వ్యాసమునకు పోయినవి. నోటికి మిగిలినది కంఠము, హస్తము మాత్రమే. 1806లోనే లండనులో గిల్బర్టు ఆస్టిన్ ప్రకటించిన గ్రంథమున వక్తను ఒక గోళము నడుమ నిలిపి, చేయి ఏ దిక్కునకు ఎంత ఎత్తవలెనో గీతలు గీసి చూపినారు. మన నాట్యశాస్త్రము నెరిగినవారికి హస్తముల లెక్క వింత కాదు. కాని నాట్యమున హస్తము భావమును వెంబడించును. ఈ తరగతులలో భావము లేకున్నను హస్తము లేచుచుండెను. పరుల పద్యములను, ప్రసంగములను కంఠస్థము చేసి వల్లించుటయే వక్తృత్వమైపోయెను.

ఎవరు మాటలాడవచ్చును అను ప్రశ్న అంతకంటె పెద్దది. 1833లో ఒహాయో రాష్ట్రమున వెలసిన ఓబర్లిన్ కళాశాల ఆ కాలమునకు మిక్కిలి ఉదారమైనది. 1835 నుండి నీగ్రో జాతివారిని చేర్చుకొనెను. 1837లో స్త్రీలను పురుషులతోపాటు పట్టపు తరగతులకు అనుమతించెను. లూసీ స్టోన్ అను యువతి కొన్నేండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో 1843లో అచటికి చేరెను. బానిసత్వ నిర్మూలనమునకై, స్త్రీల హక్కులకై వేదిక లెక్కి ఉపన్యసింపవలెనని ఆమె సంకల్పము. వక్తృత్వ తరగతిలో ఆమెకు చోటు కలదు. నోరు మాత్రము లేదు. పురుషులు వాదప్రతివాదములు చేయుచుండగా స్త్రీలు కూర్చుండి వినవలెను.

లూసీ స్టోన్, ఆమె నెచ్చెలి ఆంటోనెట్ బ్రౌన్ దీనికి సమ్మతింపలేదు. ఆచార్యుడైన జేమ్స్ థోమ్ ఉదారబుద్ధి గలవాడు. వారి కోరికపై ఒక దినమున వారిద్దరి మధ్య వాదము జరుగుటకు అనుమతించెను. వాదము బాగుగనే జరిగినదట. బాగుగా జరుగుటయే చిక్కు తెచ్చెను. విద్యార్థినులపై పర్యవేక్షణ జరుపు స్త్రీల సంఘము వెంటనే జోక్యము చేసికొని, స్త్రీలు సభలో మౌనము వహింపవలెనను సెయింటు పాల్ వాక్యమును ఆధారముగా చూపి, ఇట్టి వాదములను నిషేధించెను. స్త్రీ నోరు మూయుటకు స్త్రీల సంఘమే ముందు నిలుచుట ఆ దేశమునకే ప్రత్యేకమైన విడ్డూరమేమియు కాదు.

అంతట కొందరు విద్యార్థినులు రహస్యముగా ఒక సంఘము పెట్టుకొని మొదట అడవిలోను, తరువాత ఊరి చివర ఒక నీగ్రో వృద్ధురాలి యింటను చేరి చర్చలు సాగించిరి. ఒకరు మాటలాడుట, తక్కినవారు తప్పులు చెప్పుట, మరల మాటలాడుట: కళాశాల వారికి నిరాకరించిన తరగతిని వారే ఈ రీతిగా నడుపుకొనిరి. 1847లో పట్టప్రదానోత్సవమునకు వ్యాసము వ్రాయుమని లూసీ స్టోన్‌ను కోరిరి. వ్రాసినచో దానిని పురుషుడే చదువవలెను, తాను చదువరాదు. తన మాటను పరుల నోట వినుటకంటె వ్రాయకుండుటయే మేలని ఆమె నిరాకరించెను. తరువాత దేశమంతట ప్రసిద్ధి గాంచిన వక్తయైన ఆమెను 1883లో, కళాశాల ఏబదియేండ్ల ఉత్సవమున, ప్రసంగింపుమని ఓబర్లిన్ ఆహ్వానించెను.

ఇక 20వ శతాబ్దమున కళాశాలలకు వచ్చు విద్యార్థుల తీరు మారెను. రైతుల బిడ్డలు, వర్తకుల బిడ్డలు, వలస వచ్చినవారి బిడ్డలు తరగతులు నింపిరి. వీరికి వలసినది హస్తముల లెక్క కాదు. సంఘ సమావేశమున లేచి నాలుగు మాటలు తీరుగా చెప్పగల శక్తి. ఆంగ్ల సాహిత్య శాఖలు ఈ పనిని చిన్నచూపు చూచుచుండగా, 1914 నవంబరులో షికాగో నగరమున పదునేడుగురు అధ్యాపకులు ఆంగ్లోపాధ్యాయుల సంఘము నుండి వేరుపడి తమకొక సంఘమును స్థాపించుకొనిరి. మరుసటి ఏడు వారి పత్రిక వెలువడెను. ఆ యేడే కార్నెల్ విశ్వవిద్యాలయమున బోధించుచుండిన జేమ్స్ వైనన్స్ ప్రకటించిన పాఠ్యగ్రంథము తరగతి స్వరూపమునే మార్చివేసెను. వేదికపై మాటలాడుట యనగా ఒకరితో ఒకరు ముచ్చటించుటనే విస్తరించుట యని ఆయన మతము. వీధిలో మిత్రునితో మాటలాడునప్పుడు భావము పుట్టుచుండగా మాట వచ్చును. ఎదుటివాడు వినుచున్నాడో లేదో కన్ను చూచుచుండును. వేదికపై ఈ రెండును నిలుపుకొన్నవాడు వక్త. కంఠస్థము చేసినవాడు ఈ రెండింటిని పోగొట్టుకొనును.

నేటికిని అమెరికా విశ్వవిద్యాలయములు పెక్కింట మొదటి యేటి విద్యార్థి ఈ తరగతిని చదువును. తొలి ప్రసంగము సాధారణముగా తన్ను గూర్చియో, తోటి విద్యార్థిని గూర్చియో రెండు మూడు నిమిషములు. తరువాత ఒక విషయమును తెలియజేయు ప్రసంగము, ఆ పిమ్మట ఒప్పించు ప్రసంగము. చేత చిన్న చీటీలు ఉండవచ్చును. వానిపై శీర్షికలే గాని వాక్యములు ఉండరాదు. పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆలన్ మన్రో 1930ల నడుమ రూపొందించిన అయిదు మెట్లు ఒప్పించు ప్రసంగమునకు నేటికిని వాడుకలో నున్నవి: శ్రోత దృష్టి నాకర్షించుట, కొరతను చూపుట, దానిని తీర్చు మార్గము చెప్పుట, తీరినచో కలుగు స్థితిని కన్నులకు కట్టించుట, ఇపుడు చేయవలసినదేమో అడుగుట. వినుచున్న తోటివారు తుదిని గుణదోషములు చెప్పుదురు. ఈ వినుటకును మార్కులిచ్చు అధ్యాపకులు కలరు. అది మెచ్చదగిన పద్ధతి.

సభాకంపము మాట విడువరాదు. మోకాళ్ళు వణకుట, గొంతెండుట, చదివినది మరచుట ప్రతి తరగతిలోను కనిపించును. ఫైలుపై పుటల కొలది నోటు వ్రాయగల ప్రవీణులు సైతము కార్యాలయ సభలో రెండు ముక్కలు చెప్పుమన్నచో నీళ్ళు నములుట అందరెరిగినదే. తరగతి అందరికి విధిగా నుండుట వలన ఈ భయమును పరిశోధించుటకు వీలు చిక్కెను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున గార్డన్ పాల్ అను మనశ్శాస్త్రజ్ఞుడు వక్తృత్వ తరగతి విద్యార్థులపై పరిశోధన జరిపి 1966లో ఫలితములు ప్రకటించెను. భయమునకు మూలకారణము వెదకు చికిత్సకంటె, కండరములు సడలించుకొని కొద్దికొద్దిగా భయస్థానమును మనసున ఊహించుకొను అభ్యాసమే ఎక్కువ మేలు చేసినదని తేలెను.

మన దేశమున వక్తృత్వము తరగతి గదికి వెలుపలనే పెరిగెను. కలకత్తా హిందూ కళాశాల యువ ఉపాధ్యాయుడు డెరోజియో 1828లో నెలకొల్పిన అకడమిక్ అసోసియేషన్‌లో విద్యార్థులు విధిని గూర్చి, విగ్రహారాధనను గూర్చి నిర్భయముగా వాదించిరి. పెద్దల ఆగ్రహమునకు గురియై 1831లో ఆయన ఉద్యోగము పోయెను. అదే యేడు ఇరువది రెండేండ్ల వయసున మరణించెను. 1857లో వెలసిన మూడు విశ్వవిద్యాలయములును లండను విశ్వవిద్యాలయము ననుసరించి పరీక్షలు జరుపు సంస్థలే; పట్టము వ్రాతపరీక్షతో వచ్చుచుండెను. మాట నేర్చుకొనదలచినవాడు చర్చాసంఘములను వెదకుకొనవలెను. చిత్తూరు సీమలో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసులో చదివి, కేంబ్రిడ్జికి వెళ్ళి, 1815 నుండి నడచుచున్న అచటి యూనియన్ సంఘమునకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు దానికి తొలి ఉపాధ్యక్షుడైన ఆయన వాక్పటిమకు ఆ చర్చలు సాన పెట్టినవనుట అతిశయోక్తి కాదు.

అయితే చర్చాసంఘమునకు వెళ్ళువాడు ముందే కొంత నోరు గలవాడు. సంకోచపరుడు వెనుక బల్లపై కూర్చుండి చప్పట్లు కొట్టి యింటికి పోవును. ఆతడు మాటలాడలేదని గమనించువారుండరు. విధిగా నడుపు తరగతిలో హాజరు పట్టీ అక్షరక్రమమున సాగును. పేరు పిలిచిన దినమున లేచి ముందునకు రాక తప్పదు.