చేపల మేతలో సముద్రపు దినుసులు – ఖనిజాల జాగ్రత్త

కంప్లి పరిసరాలలో చెరువులలోను, కృషి హొండలలోను బొచ్చె, రోహు పెంచే కుటుంబాలకు తవుడు, వేరుశనగ చెక్క పరిచితమైన మేతలే. సంచులలో అమ్మే మేతలో మాంసకృత్తుల కొరకు చేపపొడి కూడ కలుపుతారు. చేపపొడికి కావలసిన చిన్న సముద్రపు చేపలు పరిమితమైనందున క్రిల్ అనే చిన్న రొయ్యవంటి జీవి, స్క్విడ్ వ్యర్థాలు, సముద్రపు నాచు ప్రత్యామ్నాయాలుగా వస్తున్నవి. ఇవి పోషకమైనవే. అయితే ఒక్కొక్కదానితో ఒక్కొక్క ఖనిజము మేతలో ప్రవేశించును.

ఫ్లోరైడ్: క్రిల్ పెంకులో అధికము. చేప తిన్న ఫ్లోరైడ్ ప్రధానంగా ఎముకలలో నిలుచును, కండలో చేరునది స్వల్పము.

కాడ్మియం: స్క్విడ్ కాలేయంలో హెచ్చు. చేపలో కాలేయము, మూత్రపిండాలలో పేరుకొనును.

ఆర్సెనిక్: సముద్ర జీవులలో చాలావరకు హాని తక్కువైన సేంద్రియ రూపంలో ఉండును. హిజికి వంటి కొన్ని నాచులలో మాత్రం విషపూరితమైన అకర్బన రూపము అధికము. కనుక మొత్తం ఆర్సెనిక్ లెక్క ఒక్కటే చాలదు.

పాదరసం: పెద్ద వేటచేపల వ్యర్థాలలో ఎక్కువ, క్రిల్‌లో తక్కువ. ఇది కండలోనే చేరును, వండినా పోదు. గర్భిణులు, పసిపిల్లలు దీని విషయంలో జాగ్రత్త వహించాలి.

ఐరోపా సమాజము 2008లో క్రిల్ దినుసుకు ఫ్లోరైడ్ హద్దును కిలోకు 3000 మిల్లీగ్రాములకు పెంచినది. చేపల పూర్తి మేతకు మాత్రం 350 మిల్లీగ్రాములే హద్దు. అనగా దినుసులో ఎంత ఉన్నదన్న దానికంటె మేతలో ఎంత కలిపినారన్నదే ముఖ్యము.

సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లో చేపల మేత నాణ్యతా నియంత్రణకు 2020లో ప్రత్యేక చట్టము వచ్చినది. అది మన కర్ణాటక గ్రామాలకు వర్తించదు. కనుక సంచి మీద దినుసుల పేర్లు, తయారీ తేదీ మనమే చదువుకోవాలి. పేరులేని విడి పొడిని చౌక అని కొనరాదు. అనుమానమైనచో మత్స్యశాఖ కార్యాలయంలో పరీక్ష గురించి విచారించాలి.

వంటింటిలోనూ కొంత మన చేతిలో ఉన్నది. పేగులు, కాలేయము తీసి పారవేయాలి. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో పిల్లలకు ఎముకలు నమలనివ్వకుండుట మేలు. చేప మంచి ఆహారము. దానిని మానవలసిన పని లేదు. అది తిన్న మేత ఏమిటో తెలిసికొనిన చాలును.