అంకెల తిరుగు ప్రయాణం: బాగ్దాదు నుంచి రాజ్యాంగసభ వరకు

భారత రాజ్యాంగం 343వ అధికరణంలో ఒక చిత్రమైన పదబంధం ఉంది. దేవనాగరి లిపిలోని హిందీని కేంద్రప్రభుత్వ అధికార భాషగా ప్రకటించిన వెంటనే, అధికార వ్యవహారాలలో ‘భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం’ వాడాలని అది నిర్దేశిస్తుంది. అంకెలు భారతీయమైనవే అయినప్పుడు వాటికి అంతర్జాతీయ రూపం ఎక్కడిది? ప్రాథమికోన్నత తరగతిలో ఒక విద్యార్థి ఇలా అడిగితే, సమాధానం చెప్పడానికి ఉపాధ్యాయునికి పదమూడు వందల ఏళ్ల చరిత్ర అవసరమవుతుంది.

ఆ చరిత్ర సాధారణంగా ముక్కలుగానే పిల్లలకు అందుతుంది. సున్న ప్రాచీన భారత విజ్ఞానమనే శీర్షిక కింద, అరబ్బుల విద్వత్తు మధ్యయుగాల గురించిన ఒక పేరాలో, రాజ్యాంగం పౌరశాస్త్రంలో కనిపిస్తాయి. సున్నను లోకానికి మనమే ఇచ్చామన్న వాక్యం మాత్రం కంఠస్థమవుతుంది. ఎవరి చేతికి ఇచ్చాం, వారు దానితో ఏం చేశారు అన్న ప్రశ్నలు తరగతి గదిలోకి రావు. పిల్లల మీది అసలు భారం పుస్తకాల సంచిది కాదు, అర్థం కాకపోవడానిదని 1993లో యశ్‌పాల్ సంఘం చెప్పిన మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం సున్నతో గణించే నియమాలను చెప్పింది. ఎనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో, ఒక భారతీయ పండితుడు ఖగోళ గ్రంథంతో బాగ్దాదు చేరాడని అరబ్బుల సంప్రదాయం చెబుతుంది. తొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో అల్ ఖ్వారిజ్మీ భారతీయ గణన పద్ధతిపై ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. దాని అరబ్బీ మూలం దొరకలేదు. లాటిన్ రూపాలు మిగిలాయి. అతని పేరే యూరప్ నోట ‘అల్గారిథమ్’ అయింది.

ఇక్కడ ఉపాధ్యాయుడు కాస్త ఆగవలసిన వ్యక్తి అల్ ఉక్లీదిసీ. పదవ శతాబ్ది మధ్యలో డమాస్కస్‌లో భారతీయ గణితంపై గ్రంథం రాసిన ఇతడు, ధూళి పరచిన పలక మీద వేలితో రాసి చెరిపే లెక్కలను సిరాతో కాగితం మీదికి మార్చే పద్ధతులు చూపాడు. చెరిపివేసిన లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందో వెదకడం కష్టం. కాగితం మీద ప్రతి మెట్టూ నిలిచి ఉంటుంది. దశాంశ భిన్నాలు కూడా ఈ గ్రంథంలో కనిపిస్తాయి. వీధిబడిలో ఇసుకలో అక్షరాలు దిద్దిన తాతల గురించి విన్న తెలుగు పిల్లలకు ఈ మార్పు విలువ వివరించి చెప్పనక్కరలేదు. అరబ్బులు అంకెలను కేవలం మోసుకుపోయిన బేహారులు కారు.

అల్బెరూనీది మరొక పాఠం. గజనీ మహమ్మదు ఖ్వారిజంను జయించినప్పుడు అతని కొలువుకు చేరక తప్పని ఈ పండితుడు, సంస్కృతం నేర్చి, 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి అరబ్బీలో మహాగ్రంథం రచించాడు. అంకెల ఆకృతులు ఈ దేశంలో ప్రాంతానికొక తీరుగా ఉన్నాయని గమనించినవాడు అతడే. మహమ్మదు దండయాత్రలు ఈ దేశ సౌభాగ్యాన్ని ధ్వంసం చేశాయని రాసినవాడూ అతడే. ఈ రెండు వాక్యాలూ ఒకే కలం నుంచి వచ్చాయని తెలిసిన విద్యార్థికి మధ్యయుగం నలుపు తెలుపుల బొమ్మగా కనిపించదు.

అంకెలు ఉత్తరాఫ్రికా, స్పెయిన్‌ల మీదుగా యూరప్ చేరి, 1202లో ఫిబొనాచ్చి గ్రంథంతో వ్యాప్తిలోకి వచ్చాయి. పాశ్చాత్యులతో పాటు ఇక్కడికి తిరిగి వచ్చేసరికి వాటి రూపురేఖలు మారిపోయాయి.

1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు రాజ్యాంగసభలో భాషపై జరిగిన చర్చలో ఈ రూపురేఖలే వివాదమయ్యాయి. మూడు వందలకు పైగా సవరణలు వచ్చాయి. హిందీని, దేవనాగరి లిపిని అంగీకరించడానికి సిద్ధపడిన దక్షిణాది సభ్యులలో పలువురు అంకెల దగ్గర ఆగిపోయారు. పురుషోత్తమదాస్ టండన్ వంటివారు దేవనాగరి అంకెలకే పట్టుపట్టారు. చిన్ననాడే హిందీ పాఠశాల నడిపిన దుర్గాబాయి వంటివారికి సైతం హిందీవాదుల తొందరపాటు కష్టం కలిగించింది. చివరకు మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్‌ల సూత్రం నెగ్గింది: హిందీ అధికార భాష, ఆంగ్లం పదిహేనేళ్లు కొనసాగింపు, అంతర్జాతీయ అంకెలు, రాష్ట్రపతి ఆదేశిస్తే వాటికి తోడుగా దేవనాగరి అంకెలు. ఆ వెసులుబాటును అనుసరించి, హిందీ ప్రచురణలలో దేవనాగరి అంకెల వాడుక ఎంతవరకన్నది 1960 ఏప్రిల్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రస్తావించింది.

ఇది ఎవరికీ పూర్తి తృప్తినివ్వని ఏర్పాటు. పిల్లలకు చెప్పవలసింది సరిగ్గా అదే. తరగతిని రెండు పక్షాలు చేసి వాదింపజేస్తే, రాజీ అంటే లొంగుబాటు కాదని పన్నెండేళ్ల వయసుకే అర్థమవుతుంది. అయితే నష్టపోయినవాటి లెక్క కూడా వారి ముందుంచాలి. 343వ అధికరణంలో తెలుగు అంకెల ప్రసక్తి లేదు. వాటిని నిషేధించినవారూ లేరు. అచ్చులోనుంచి అవి చప్పుడు లేకుండా తప్పుకున్నాయి. గ్రంథాలయంలోని ఏ పాత పుస్తకమో తెరిచి, పుట సంఖ్యలుగా ఉన్న ౧, ౨, ౩లను నల్లబల్ల మీద 1, 2, 3ల పక్కన రాయవచ్చు. ఈ రెండు వరుసలకూ మూలం బ్రాహ్మీ అంకెలే. ఒకటి ఇంటనే ఉండిపోయింది, మరొకటి బాగ్దాదు చూసి వచ్చింది.