దండెం మీద చరిత్ర

విశాఖపట్నం చరిత్ర చెప్పమంటే మగవాళ్లు వెంటనే తారీఖులు అందుకుంటారు. 1933లో రేవు తెరిచారు. 1948లో నెహ్రూగారు ‘జలఉష’ ఓడని నీళ్లలోకి దింపారు. 1971లో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితం చేశారు. అన్నీ నిజమే. కానీ అక్కడ షిఫ్టు డ్యూటీలు చేసినవాళ్ల ఇళ్లల్లో దండేల మీద ఆరిన పొత్తిగుడ్డల సంగతి ఎవరూ ఎత్తరు. పోనీ, మనమే చెప్పుకుందాం!

చంటిపిల్లలకి మన పెద్దవాళ్లు కొత్తబట్ట వాడేవారు కాదు. గంజి వాసన వదలని కొత్త గుడ్డ పసి ఒంటికి గరుకు. తాతగారి పంచె ఉతికి ఉతికి వెన్నలా అయ్యాక చింపితే పొత్తిగుడ్డలు. అమ్మమ్మ నేతచీర మడతలు వేసి కుడితే బొంత, దూలానికి కడితే ఉయ్యాల. చవకా, మెత్తనా, తడి ఇట్టే పీల్చేస్తుంది.

మరి ఉతికేదెవరు? పల్లెల్లో పురిటి మైలబట్టలు చాకలి ఇంటి ఆడవాళ్ల వంతు. ప్రతిఫలం కాసిని గింజలూ, ఓ పాతచీరా. మైల మనది, ఉతుకుడు వాళ్లది!

ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి కాపురాలు ఈ ఊరు చేరాక లెక్క మారింది. క్వార్టర్సులో అత్తగారు లేరు, చాకలామె లేదు, పెరట్లో నుయ్యి లేదు. ఉన్నదల్లా కుళాయి, అదీ వచ్చినప్పుడే. నేను పిల్లల్ని పెంచిందీ అలాగే. రోజుకి పాతిక గుడ్డలు. ముందు చన్నీళ్లలో జాడించి, వేణ్ణీళ్లలో నానబెట్టి, సబ్బు రుద్ది, మళ్లీ రెండు నీళ్లు. వానాకాలం సముద్రపు గాలికి అవి ఆరితేనా? చివరికి ఇస్త్రీపెట్టె అందుకోవలసిందే. పాతనగరం తల్లులకి ఇంకో తంటా. బైలదిల్లా ఇనుపఖనిజం ఓడెక్కి జపాను వెళ్లింది గానీ, దాని ధూళి కొంత వాళ్ల దండేల మీదే దిగింది.

అమెరికాలో మారియన్ డోనోవన్ అనే తల్లి కూడా ఈ తడిగుడ్డలతో విసిగిపోయి, 1946లో స్నానాలగది తెరని కత్తిరించి, తడి బయటికి రాని తొడుగు కుట్టింది. 1951లో పేటెంటు కూడా వచ్చింది. వాడి పారేసే పాంపర్స్ అక్కడి బజారుకెక్కింది 1961లో. మన ఊరి కిరాణాకొట్లలో డైపర్ల పొట్లాలు దండల్లా వేలాడడానికి మాత్రం చాలా ఏళ్లే పట్టింది.

మా కోడలు అవే వాడుతుంది. నేనేమీ అనను. పసిబిడ్డ తల్లికి రాత్రి నిద్ర ఎంత విలువైనదో నాకు తెలియదా? అయితే ఒకటండీ, విప్పి పారేసిన డైపరు మాయమైపోదు. చెత్తబండి దగ్గర పారిశుధ్య కార్మికురాలి చేతిలో పడి, కాపులుప్పాడ చెత్తగుట్టకి చేరుతుంది. అప్పట్లో చాకలామె, మధ్యలో మనం, ఇప్పుడు ఈవిడ. ఉతుకుడు తప్పింది గానీ, ముట్టుకునే చెయ్యి ఒకటి ఉండనే ఉంది.

డైపర్లని చుట్టి ఇవ్వాలని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. పాత న్యూస్‌పేపరు ముక్కలో చుట్టడానికి అరనిమిషం పడుతుంది. రోజుకి పాతిక గుడ్డలు ఉతికిన ఇళ్లవాళ్లం, ఆ అరనిమిషం మనకో లెక్కా?