గాలికి తాడు, మనిషికి తాళం

మా నెల్లూరు తీరంలో పడవను ఒడ్డుకు లాగి తాడుతో కట్టివేయడం జాలరులకు నిత్యకృత్యం. ఆ కట్టు దొంగకు వెరచి కాదు, గాలికి వెరచి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానును ఎరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. చిన్న విమానాల చరిత్రను చదువుతున్నప్పుడు అక్కడా ఇదే కథ కనిపించింది.

చిన్న విమానాశ్రయాలలో ఆరుబయట నిలిపిన సొంత విమానాన్ని రెక్కల వద్ద, తోక వద్ద నేలలోని కొక్కేలకు తాళ్ళతో బిగిస్తారు. చుక్కాని వంటి కదిలే భాగాలు గాలికి కొట్టుకోకుండా అడ్డుకడ్డీలు పెడతారు. ఇవన్నీ వాయుదేవునికి వేసిన కట్లే. మనిషిని గూర్చిన జాగ్రత్త మాత్రం చాలాకాలం నామమాత్రమే. పెద్ద టర్బైను విమానాలలో చాలావాటికి ఇంజను తాళంచెవి అన్నదే ఉండదు.

1994 సెప్టెంబరులో అమెరికాలోని మేరీలాండులో, ఆల్డినో అనే చిన్న విమానాశ్రయం నుండి ఒకడు సెస్నా 150 విమానాన్ని అపహరించి, అధ్యక్షుని శ్వేతసౌధపు ఆవరణలో కూలి మరణించాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత నాలుగు నెలలైనా గడవకముందే, 2002 జనవరి 5న ఫ్లోరిడాలో పదిహేనేళ్ళ విద్యార్థి, గురువు ప్రక్కన లేని సమయంలో సెస్నా 172ను ఒంటరిగా ఎగురవేసి టాంపా నగరంలోని బహుళ అంతస్తుల భవనాన్ని ఢీకొని మరణించాడు.

మొదటిది తాళం సమస్య. రెండవది అలా కాదు. విమానాన్ని ఆ బాలునికి అప్పగించినది పాఠమే. అందువలన జాగ్రత్తలూ రెండు విధాలయ్యాయి. 2002లో విమాన యజమానుల సంఘం ‘ఎయిర్‌పోర్ట్ వాచ్’ పేరిట, అపరిచితులను గమనించి తెలియజేసే బాధ్యతను పైలట్లకే అప్పగించింది. 2003లో న్యూజెర్సీ రాష్ట్రం నిలిపి ఉంచిన విమానానికి రెండు తాళాలు తప్పనిసరి చేసింది. తలుపుకొకటి వేస్తే ప్రొపెల్లరుకో, థ్రాటిలుకో, హేంగరుకో మరొకటి.

మన సముద్రానికీ ఈ పాఠం తప్పలేదు. 2008 నవంబరులో ‘కుబేర్’ అనే గుజరాతు చేపల పడవను నడిసంద్రంలో చేజిక్కించుకొనే ముష్కరులు ముంబయి వైపు వచ్చారు. అటుపిమ్మట తీరమంతటా జాలరులకు గుర్తింపు కార్డులు, పడవల నమోదు పట్టుబడ్డాయి.

మా జిల్లాలో దగదర్తి వద్ద విమానాశ్రయం నిర్మించాలన్న ప్రతిపాదన ఏళ్ళుగా ఉన్నది. అక్కడ సొంత విమానాలు నిలిచే రోజు వస్తే రెండు తాళాలు కొనడం కష్టం కాదు. ఒడ్డున ఏ పడవ ఎవరిదో, వేళకాని వేళ దానిని ఎవరు కదిలిస్తున్నారో మా జాలరిపల్లెలో పసివాడికి కూడా తెలుసు. ఆ ఎరుకను అక్కడ అలవాటు చేయడమే కష్టం.