వేళ్లు పోయినోడే అనుభవం ఉన్నోడు

అన్నలూ, తమ్ములూ, సైట్‌లో ఎవరికన్న దెబ్బ తగిలితే ముందు వచ్చే మాట "వాడే చూసుకోలే" అని. ఈ మాట ఇప్పటిది కాదు.

అమెరికాలో 1870ల నాటి గూడ్స్ బండ్ల సంగతి చెప్తా. రెండు డబ్బాలు కలపాలంటే బ్రేక్‌మన్ మధ్యల నిలబడి, ఇనుప లింకు చేత్తో పట్టి, పిన్ను వెయ్యాలి. క్షణం తప్పితే వేళ్లు నలిగేవి, ఒక్కోసారి మనిషే పోయేవాడు. బ్రేకు వెయ్యాలంటే నడిచే బండి పైకప్పు మీద, మంచులోనైనా సరే, ఉరకాలి. పనికి వచ్చినోడికి వేళ్లు తక్కువుంటే అనుభవం ఉన్నోడు అనుకునేటోళ్లట.

ఉపాయం లేక కాదు. 1869లోనే వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు వచ్చింది. 1873లో జానీ అనే దుకాణం గుమాస్తా, మనిషి మధ్యలకు పోకుండనే తగులుకునే కప్లింగుకు పేటెంటు తీసుకున్నడు. చాలా కంపెనీలు ఖర్చని చూసి వెనక్కి తగ్గినయి.

లోరెంజో కాఫిన్ అనే అయోవా రైతు ఏండ్ల తరబడి దీని మీద కొట్లాడిండు. అప్పట్ల ఒక్క ఏడాదిలోనే దాదాపు 2,000 మంది రైల్వే కార్మికులు చచ్చిపోయిండ్రు, 20,000 మందికి దెబ్బలు తగిలినయి. చివరికి 1893 మార్చి 2న అధ్యక్షుడు హారిసన్ చట్టం మీద సంతకం పెట్టిండు. 1900 నాటికి అది పూర్తిగా అమలైంది. కప్లింగు కాడ చావులు బాగా తగ్గినయి.

పనోళ్లు ఒక్కసారిగా జాగ్రత్తపరులు కాలేదు. పరికరం మారింది, చట్టం వచ్చింది.

అందుకే "వాడే చూసుకోలే" అనే ముందు అడుగుదాం: గ్రైండర్‌కు గార్డు ఉన్నదా? స్కాఫోల్డింగ్‌కు రెయిలింగ్ ఉన్నదా? దెబ్బ తగలకముందే ఫోర్‌మన్‌కు చెప్పుదాం, రాయించుదాం. మన వేళ్లు మనకు అన్నం పెట్టేవి.